మారేడుమిల్లి దారిలో ఇద్దరు పరదేశులు

పరదేశంలో చదువు అనగానే మనకు కళ్ళముందు మెదిలేది మన పిల్లవాడే. విమానాశ్రయంలో అమ్మ సర్ది ఇచ్చిన ఆవకాయ సీసా, కొత్త ఉన్ని కోటు, పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకునే తండ్రి - ఈ బొమ్మ మనకు బాగా అలవాటే. దీనికి ఎదురుదారిన వచ్చే చదువరులు కూడా ఉన్నారన్న సంగతి అంతగా తలపుకు రాదు. విశ్వవిద్యాలయాల మధ్య విద్యార్థుల మార్పిడి అని ఒక ఏర్పాటు ఉంటుంది. మనవాడు అక్కడ కొన్ని నెలలు చదివితే, అక్కడివాడు ఇక్కడ కొన్ని నెలలు చదువుతాడు. అట్లా జర్మనీ నుంచి వచ్చిన ఒక అమ్మాయికి తెలుగు చెప్పే పని నా మీద పడింది. పేరెందుకు లెండి, మా వీధి పిల్లలు "జర్మనీ అక్క" అంటారు, అదే చాలు.

వచ్చి మూడు వారాలైంది. గుణింతాలు గట్టెక్కాయి, ఒత్తులు మాత్రం ఇంకా ఒత్తుతూనే ఉన్నాయి. చేత్తో అన్నం కలుపుకోవడం, ఆటోవాడితో బేరమాడడం, పెద్దవారి పేరు చివర "గారు" తగిలించడం వచ్చేశాయి. సంక్రాంతి సెలవులకు ఏం చూస్తావమ్మా అని అడిగాను. "తెలుగు మాట్లాడే కొండలు ఉన్నాయట కదా, మాస్టారూ! అక్కడికి" అంది. తెలుగు మాట్లాడే కొండలు! మా ఆవిడ అప్పటికప్పుడే పులిహోర కలపడానికి లేచింది. మరునాడు ముగ్గురం మారేడుమిల్లికి బయలుదేరాము.

రాజమహేంద్రవరం నుంచి మారేడుమిల్లి ఇంచుమించు 85 కిలోమీటర్లు. కోరుకొండ మీదుగా గోకవరం చేరాక బస్సు కొంచెంసేపు ఆగింది. టీ కొట్టు దగ్గర మా అమ్మాయి "పంచదార తక్కువ వేస్తారా?" అని అడిగింది. కొట్టతను "ఆయ్!" అన్నాడు. ఆమె వెంటనే పుస్తకం తీసి "ఆయ్ - అవును, అలాగే, చిత్తం, ఇంకా చాలా" అని రాసుకుంది. గోదావరి జిల్లాల వ్యాకరణానికి ఇంతకంటె మంచి సూత్రం నేను కూడా చెప్పలేను. చుట్టూ మూగిన నలుగురూ ఆమె మాటకు మురిసిపోయారు. "ఎంత ముద్దుగా మాట్లాడుతోందండీ!" అంటూ కొట్టతను డబ్బులు పుచ్చుకోనన్నాడు. పాఠకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి, దీనితో మళ్ళీ పని పడుతుంది.

గోకవరం దాటాక అడవి దగ్గరపడుతుంది. రంపచోడవరం చేరేసరికి మనం చరిత్రలోకి అడుగుపెట్టినట్టే. కల్లు గీతపై ఆంక్షలు, పన్నులు, పైవారి దోపిడి భరించలేక 1879లో రంప కొండలు తిరగబడ్డాయి. 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయానికి అడ్డుకట్ట వేసింది. ఆ రగిలిన గుండెలకే 1922లో అల్లూరి సీతారామరాజు నాయకుడయ్యాడు. ఆ ఏడు ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడితో మొదలైన పోరు, 1924 మే 7న ఆయన్ను కాల్చి చంపేదాకా సాగింది. 2022లో ఆయన పేరిట ఒక జిల్లా ఏర్పడితే, మారేడుమిల్లి అందులో చేరింది. బస్సు కిటికీలోంచి కొండలు చూస్తూ ఈ కథంతా విన్న అమ్మాయి, "అయితే వీళ్ళు అడిగింది అడవిలో బతకనివ్వమనే కదా" అంది. అంతేనమ్మా అన్నాను.

మారేడుమిల్లి చిన్న ఊరే. దాని అందమంతా చుట్టుపక్కల ఉంది. నీడనిచ్చే చెట్ల కింద కాఫీ తోటలు, ఆ చెట్లను అల్లుకున్న మిరియపు తీగెలు, చింతూరు వైపు మెలికలు తిరుగుతూ సాగే ఘాట్ రోడ్డు, ఆ దారిన జలతరంగిణి, అమృతధార జలపాతాలు. వలమూరు దగ్గర ఏటి ఒడ్డున నిలబడితే, వాలిసుగ్రీవులు పోరాడింది ఇక్కడేనని చెబుతారు. రోడ్డు పక్కన పచ్చి వెదురు బొంగుల్లో కోడిమాంసం కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద కాలుస్తున్నారు. నూనె చుక్కయినా వేయరు. సెలవు రోజుల్లో వచ్చే కార్లవారు ఒక బొంగు తిని, ఒక జలపాతం ముందు ఫొటో దిగి, చీకటి పడకముందే తిరుగుముఖం పడతారు. అదీ ఒక యాత్రే, కాదనను.

మేము వెళ్ళిననాడు సంత. కొండచీపుర్లు, అడ్డాకులు, పసుపు, కరక్కాయలు, చింతపండు పోసుకుని కొండరెడ్ల ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒక ముసలమ్మ దగ్గర మా అమ్మాయి చతికిలబడింది.

"మీ ఊళ్ళో చింతచెట్లున్నాయా, అమ్మా?"

"లేవండీ."

"మరి పులుసెట్టా?"

"నిమ్మకాయ, వెనిగరు..."

"అడవుందా?"

"ఉందండీ."

"ఎవరిది?"

మా అమ్మాయి తడుముకుంది. కొంత ప్రభుత్వానిది, కొంత ఊళ్ళది, కొంత ఆసాములది అని చెప్పేసరికి ముసలమ్మ తల పంకించింది. ఆ తర్వాత నాతో, "మాస్టారూ, నేను నాలుగు ప్రశ్నలడిగాను, ఆవిడ పదకొండు అడిగారు. పరిశోధన చేసేది నేనా, ఆవిడా?" అంది.

సంత అంటేనే మార్పిడి. ఒకప్పుడు ఈ ఏజెన్సీ సంతల్లో ఉప్పుకీ, గుడ్డకీ అడవి సరుకు తూచి ఇచ్చేవారు. తక్కెడ షావుకారు చేతిలో ఉండేది. అది ఎటు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు. ఆ తూకం సరిచేయడానికే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. దాని మంచిచెడ్డల మాట అటుంచి, తక్కెడ సమంగా లేదని ఒకనాడు ప్రభుత్వమే ఒప్పుకున్నదనడానికి అది గుర్తు.

ఈ అమ్మాయిని చూస్తుంటే, ఇదే జర్మన్ భాష మాట్లాడుతూ వచ్చిన మరో పరదేశి జ్ఞాపకం వచ్చాడు. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. లండనులో మాలినోవ్‌స్కీ దగ్గర మానవశాస్త్రం నేర్చుకున్నాడు. 1939లో యుద్ధం వచ్చేనాటికి ఆయన మన దేశంలో ఉన్నాడు. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు, కనుక శత్రుదేశస్థుడు! నిజాం రాజ్యం దాటి పోరాదన్నారు. ఇంకొకడైతే ఆ నిర్బంధానికి కుమిలిపోయేవాడు. ఆయన భార్య బెట్టీతో కలిసి చెంచుల వద్దకూ, పాపికొండల రెడ్ల వద్దకూ, గోండుల వద్దకూ పోయి కూర్చున్నాడు. 1945లో వెలువడిన ఆయన గ్రంథం, గోదావరి ఒడ్డున వెదురు వర్తకుల చేతుల్లో చిక్కిన కొండరెడ్ల బతుకును లోకానికి చూపింది. నేర్చుకున్నదానికి ఆయన బదులు చెల్లించాడు. నిజాం ప్రభుత్వానికి సలహాదారై, ఆదిలాబాదు కొండల్లోని మార్లవాయిలో 1943లో బడి పెట్టించాడు. వాచకాలు గోండి భాషలో రాయించాడు, గోండు యువకులనే పంతుళ్ళుగా తీర్చాడు. 1987లో కన్నుమూసిన బెట్టీ సమాధి ఆ మార్లవాయిలోనే ఉంది. ఆయన అప్పుడు చూసిన గోదావరి గట్టు ఇప్పుడు అట్లా లేదు. పోలవరం ముంపుతో దేవీపట్నం వైపు పల్లెలు ఎన్నో ఖాళీ అయి దిగువకు తరలిపోయాయి.

సంతలో పరిచయమైన ఒక పెద్దాయన మరునాడు మమ్మల్ని తమ గూడేనికి తీసుకుపోయాడు. వెదురు తడికలకు మట్టి మెత్తిన ఇళ్ళు, వాటి పైన కొండవాలు, ఆ వాలున పోడు. చెట్టు కొట్టి ఎండబెట్టి, వేసవిలో తగలబెట్టి, తొలకరికి కర్రతో గుంటలు పొడిచి సామలూ, జొన్నలూ, కందులూ కలిపి వేస్తారు. రెండు మూడేళ్ళకు నేలను విడిచిపెడతారు, అడవి మళ్ళీ లేస్తుంది. ఇదంతా ఆయన మాకు చెప్పింది తెలుగులోనే. కొండరెడ్లకు వేరే భాష లేదు, వాళ్ళ తల్లిభాష తెలుగే. యాస వేరు, పలుకుబడి వేరు, కొన్ని మాటలు మనవి కావు. మా అమ్మాయి పుస్తకం ఆ పూట సగం నిండింది.

ఆయన మనుమడు ఎనిమిదో తరగతి. కింద ఆశ్రమ పాఠశాలలో ఉండి చదువుకుంటూ పండుగకు ఇంటికి వచ్చాడు. మొదటి వారాలు ఎట్లా గడిచాయని మా అమ్మాయి అడిగింది. పిల్లవాడు సిగ్గుపడుతూ చెప్పాడు. "రాత్రి నిద్ర పట్టేది కాదండి. తలమీద ఫ్యాను తిరుగుతుంటే ఊడి పడుతుందేమోనని భయం."

"నాకూ అంతే! మా ఇంట్లో ఫ్యాను లేదు" అంది ఆమె ఎగిరి గంతేసినంత పనిచేసి.

అన్నం వేళలు కుదరలేదని ఇద్దరూ చెప్పుకున్నారు. అమ్మ గుర్తొచ్చి ఏడ్చామని ఇద్దరూ చెప్పుకున్నారు. ఒకరిది ఏడు వేల కిలోమీటర్ల దూరం, ఇంకొకరిది ఒక కొండ దిగిన దూరం, బెంగ మాత్రం ఒక్కటే. ఇంతలో పిల్లవాడు నేల చూస్తూ అన్నాడు: "నేను మాట్లాడితే తోటిపిల్లలు నవ్వేవారండి. అది తెలుగు కాదు, కొండభాష అనేవారు. చాలారోజులు నోరు తెరవలేదు."

మా అమ్మాయి నావైపు తిరిగింది. "మాస్టారూ, నేను తప్పు మాట్లాడితే టీ ఊరికే ఇచ్చారు. ఇతడు పుట్టినప్పటినుంచీ మాట్లాడే తెలుగుకు నవ్వారా? ఎందుకు?"

జవాబు నాకు తెలియనిది కాదు, పైకి చెప్పుకోవడానికే బాగుండదు. మనం వినేది మాటను కాదు, మాట్లాడేవాడి వెనక ఏముందో దాన్ని. ఆమె వెనక విమానం కనిపిస్తుంది, ఇతడి వెనక అడవి. తక్కెడ సంతలోనే కాదు, మన చెవుల్లో కూడా ఉంది.

నేనింకా మాటలు వెతుక్కుంటూ ఉండగానే మా అమ్మాయి పుస్తకం పిల్లవాడి చేతిలో పెట్టి, "నేను రాసినవి సరిగ్గా ఉన్నాయా, చూడు తమ్ముడూ" అంది. వాడు కలం పుచ్చుకున్నాడు. మొదట గొంతు సన్నగా వచ్చింది. రెండో పేజీకి వచ్చేసరికి "అట్టా కాదక్కా, ఇట్టా పలకాలి" అని గట్టిగానే దిద్దుతున్నాడు. తాత చుట్ట కాలుస్తూ ముసిముసిగా నవ్వాడు. మా ఆవిడ మిగిలిన పులిహోర అడ్డాకుల్లో పంచింది.

మారేడుమిల్లి వెళ్ళదలచినవారు శీతకాలంలో వెళ్ళండి. పొద్దున్నే లోయల్లో మంచు చూసితీరాలి. జలపాతాలు చూడండి, బొంగుకోడి తినండి. దానితోపాటు ఒక పుస్తకం, ఒక కలం తీసుకుపోయి అక్కడివారిని నాలుగు మాటలు అడిగి రాసుకోండి. అడిగినవాడి ముందు చెప్పేవాడు గురువవుతాడు. అటువంటి గురువుల పిల్లలే రేపు మీ ఊరి బడిలో మీ పిల్లల పక్కన కూర్చుంటారు.