భద్రాద్రి గట్టు మీద ఒక ఆట కబురు

మా చర్ల నుంచి దుమ్ముగూడెం మీదుగా బస్సులో భద్రాచలం వెళ్ళాం, రాముల వారి దర్శనానికి. గోదావరి గట్టున కూర్చుని పులిహోర పొట్లం విప్పుతుంటే మా అమ్మాయి, "అమ్మా, గొంగడి త్రిషది ఈ ఊరే!" అంది. 2025లో అండర్-19 ప్రపంచ కప్పులో సెంచరీ కొట్టిన పిల్ల. ఆమె ఆట కోసం వాళ్ళ నాన్న హైదరాబాదుకు మకాం మార్చారట.

2023 మార్చి 4న నవీ ముంబైలో అయిదు జట్లతో ఆడవాళ్ళ క్రికెట్ లీగ్ మొదలైంది. వేలంలో స్మృతి మంధానకు 3.40 కోట్లు! ఆ ఏడాది ఆడవాళ్ళని టిక్కెట్టు లేకుండానే చూడనిచ్చారు.

నేను పెద్దమనిషినయ్యానని ఇంట్లో కబడ్డీ మాన్పించేశారు. ఎందుకని అడగనైనా లేదు నేను.

"నాకో బ్యాటు కొనవూ?" అంది అమ్మాయి. నాన్నగార్ని అడుగుదాంలే అనబోయి ఆగాను. చీర కోసం దాచుకున్న డబ్బు తీశాను. తిరుగు బస్సులో ప్రసాదం సంచీ నా ఒళ్ళో, బ్యాటు దాని ఒళ్ళో.