బాపులపాడు బస్తాల లెక్క

విజయవాడ నుంచి ఏలూరు పోయే రోడ్డు మీద, గన్నవరం దాటి వెళ్ళారంటే, సుమారు 40 కిలోమీటర్ల దూరాన హనుమాన్ జంక్షన్ వస్తుంది. కూడలిలో ఆంజనేయస్వామి గుడి వున్నది. బాపులపాడు దానిని ఆనుకునే వున్నది.

ఇక్కడ బస్సు దిగి ఎడమచేతి రోడ్డు పడితే నూజివీడు. ఎర్రనేలలు, వాటినిండా మామిడితోటలు. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి... వేసవిలో అటు వెళ్ళినవాడెవడూ వట్టి చేతులతో తిరిగి రాడు! కుడిచేతి రోడ్డు పడితే గుడివాడ. అటు నల్లనేల, వరిచేలు, చేపల చెరువులు.

ఇటువంటి చోట రైతుకు పల్లంలో వరిచేను వుండవచ్చు, మెరకన తోట వుండవచ్చు, రెండూ వుండవచ్చు. ఏదీ లేక, వరికోతకూ కాయకోతకూ కూలికి పోయేవారూ వుంటారు. తిరకాసంతా ఇక్కడే వున్నది.

ఒక వీధిలో 60 ఇళ్ళు వున్నాయనుకోండి. వేసవిలో గాలివాన వచ్చి కాయంతా రాలిపోయింది. కోత లేదు, కూలీ లేదు. చేనూ తోటా రెండూ లేని ఇళ్ళకు తలా ఒక బస్తా బియ్యం ఇద్దామని వూరిపెద్దలు తలచి, మిమ్మల్ని ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసుకు రమ్మన్నారు. వరిచేను వున్న ఇళ్ళు 34, తోట వున్న ఇళ్ళు 29 తేలినవి.

రెండూ కలిపితే 63. వున్న ఇళ్ళే 60! "అయితే అందరికీ ఏదో ఒకటి వున్నట్టే, బస్తాలు అక్కర్లేదు," అని ఎవరైనా అన్నారంటే, ఆ పూట కొన్ని ఇళ్ళలో పొయ్యి వెలగదు.

జరిగిందేమంటే, రెండూ వున్న ఇంటిని మీరు రెండుసార్లు లెక్కపెట్టారు. అటువంటివి 3 ఇళ్ళే అయితే, ఏదీ లేని ఇల్లు ఒక్కటీ వుండదు. తోట వున్న 29 ఇళ్ళకూ వరిచేను కూడా వుంటేనో, ఏదీ లేని ఇళ్ళు 26! ఒక్క ప్రశ్న అడగకపోతే ఇంత తేడా.

మళ్ళీ వెళ్ళి అడిగారు. రెండూ వున్నవి 15 అని తెలిసింది. ఇప్పుడు పుల్ల తీసుకుని మట్టిలో రెండు పెద్ద సున్నలు చుట్టండి. ఒకదాని అంచు రెండోదాని మీదికి ఎక్కాలి. రెంటికీ ఉమ్మడిగా వున్న గదిలో ముందుగా 15 వేయండి. (బయటి గదులతో మొదలుపెట్టిన వాళ్ళే తికమక పడేది.) వరి సున్నలో మిగిలేది 19, తోట సున్నలో మిగిలేది 14. మూడూ కలిపితే 48. సున్నల వెలుపల 12 ఇళ్ళు. పన్నెండు బస్తాలు కావాలి!

ఇలాటి బొమ్మలను గురించి 1880లో జాన్ వెన్ అనే కేంబ్రిడ్జి పండితుడు వివరంగా రాశాడు. అందుకే వీటిని వెన్ చిత్రాలంటారు.

"పాడి వున్నదా?" అని కూడా అడిగితే మూడు సున్నలు కావాలి. వెలుపలిదానితో కలిపి 8 గదులు వస్తాయి. కోళ్ళ సంగతి కూడా అడిగారో, 16 గదులు కావాలి. కాని గుండ్రని సున్నలు నాలుగు ఎట్లా గీసినా 14కు మించి గదులు రావు! వెన్ అప్పుడేం చేశాడంటే, సున్నలను కోడిగుడ్డులాగా సాగదీశాడు. మీరూ గీసి, గదులు లెక్కపెట్టి చూడండి.