నఖల్‌కూ అఖల్ కావాలి

"నఖల్ కే లియే భీ అఖల్ చాహియే" అంటారు మా ఇళ్లలో పెద్దలు. చూసి రాయడానికైనా బుర్ర ఉండాలని. ఉర్దూ మీడియం బడిలో మా ఉస్తాదులు ఈ సామెతను పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూసే పిల్లల మీద వాడేవారు. అందుకే నాకు అది ఎప్పుడూ వెక్కిరింపుగానే వినపడేది. ఆ మాటలో ఒక హునర్ దాగుందని రాజమండ్రిలోని ఒక కుషన్ వర్క్స్ షాపులో తెలిసింది.

షాపంటే పెద్దదేం కాదు. రేకుల షెడ్డు, రెండు కుట్టుమిషన్లు, గోడకు ఆనించిన రెగ్జిన్ చుట్టలు. చాచాకు డెబ్బై దాటాయి. మొదట రిక్షా టాపులు కుట్టాడు. తర్వాత జీపు టాపులు, ఆ తర్వాత అంబాసిడర్ సీట్లు. ఇప్పుడు ఎక్కువగా ఆటోలకూ ట్రాక్టర్లకూ కుడుతున్నాడు. అలాంటి షాపు ముందు కోనసీమ ఆసామి ఒకాయన తన పాత స్టాండర్డ్ హెరాల్డును లారీ మీంచి దించాడు. రేకు పైకప్పు లేని, గుడ్డ టాపు హెరాల్డు.

హెరాల్డు అసలు ఇంగ్లాండులో ట్రయంఫ్ వాళ్ల బండి. రూపం గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్ని మికెలొట్టి. 1959లో వచ్చింది, మరుసటి ఏడే టాపు మడిచే రకం కూడా వచ్చింది. మన దేశంలో 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు తయారుచేశారు. ఈ బండి బలమంతా అడుగునున్న ఛాసిస్‌లో ఉంటుంది. పైకప్పు బోల్టులతో బిగించినదే. కాబట్టి దాన్ని ఊడదీసి గుడ్డ టాపు వేయించుకోవచ్చు. అదే పని ఫియట్‌కు చేస్తే నడుం వంగిపోతుంది, దానికి విడిగా ఛాసిస్ లేదు గనుక. ఈ ఆసామి తండ్రిగారు షౌఖ్ కొద్దీ అలా వేయించుకున్నారట.

ఇంజనుకు మెకానిక్ దొరికాడు. రంగుకు పెయింటర్ దొరికాడు. లోపలి సామానుతోనే వచ్చింది ముసీబత్. డోర్ల లోపలి అట్టలు చెమ్మకు ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయాయి. టాపు వెనక ప్లాస్టిక్ కిటికీ పచ్చబడి పెళుసెక్కింది. గేరు రాడ్డు మీద గుబ్బ లేదు. డ్రైవరు సీటు తొడుగు కుట్ల వెంట చిరిగింది. ఇంగ్లాండులో ఈ బండికి సీటు తొడుగుల సెట్లు ఇప్పటికీ కొత్తవి అమ్ముతారు. కానీ దీని సీటు చట్రాన్ని ఎప్పుడో ఎవరో వెల్డింగ్ పెట్టి మార్చేశారు. తెప్పించినా పట్టదు.

హైదరాబాద్ చౌమహల్లా పాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఒకటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేయించుకున్నది. ఆయన 1911లో ఇంతెఖాల్ అయ్యారు, అందులో తిరిగే నసీబ్ ఆయనకు దక్కలేదు. అలాంటి బండిని బాగుచేయాలంటే కాగితాలుంటాయి, ఫొటోలుంటాయి, అడిగితే చెప్పేవాళ్లుంటారు. కోనసీమ హెరాల్డుకు ఉన్న దస్తావేజు ఒక్కటే. చిరిగిపోయిన ఆ సీటు.

కొత్త తొడుగు కుట్టాలంటే పాతదాని కుట్లు విప్పాలి. ముక్కలు విడదీసి, అట్ట మీద పరిచి, చుట్టూ గీసి ఫర్మా తీయాలి. నఖల్ పుట్టాలంటే అసల్‌ను చంపాలన్నమాట. ఆసామికి ఇది మింగుడుపడలేదు.

"సాయిబుగారూ, మా నాన్నగారు ముప్పయ్యేళ్లు కూర్చున్న సీటండీ ఇది. విప్పకుండా, చూసి కుట్టలేరా? ఆ గుంట కూడా అలాగే ఉండాలండీ."

చాచా సీటు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఊరుకున్నాడు.

"గుంట మీ నాన్నగారిది బాబుగారూ. సీటు కంపెనీది. నేను సీటు వరకే కుట్టగలను."

తర్వాత ఆయనే దారి చూపించాడు. పక్క సీటు తొడుగు విప్పుదాం, అది అంతగా వాడలేదు. దాని ఫర్మా బోర్లా తిప్పితే డ్రైవరు సీటు వస్తుంది. నాన్నగారి తొడుగును ఉన్నదున్నట్టు ఊడదీసి మీ చేతికే ఇస్తాను, ఇంట్లో దాచుకోండి. ఆసామి ఒప్పుకున్నాడు. కళ్లు మాత్రం తుడుచుకున్నాడు.

అఖల్‌తో పని అక్కడే మొదలైంది. ఏళ్ల తరబడి మనిషి బరువు మోసిన రెగ్జిన్ సాగుతుంది. పక్క సీటుదైనా ఎంతో కొంత సాగే ఉంటుంది. పాత ముక్క ఎంతుందో అంతే కోస్తే కొత్త తొడుగు మొదటి రోజే వదులై ముడతలు పడుతుంది. దీన్ని చాచా ఝోల్ అంటాడు. కాబట్టి ముక్క ఇవాళ ఎలా ఉందో చూస్తే చాలదు. వాడకముందు ఎలా ఉండేదో కనిపెట్టాలి. చిరిగిన అంచును నమ్మకూడదు, కుట్టు రంధ్రాల వరసను నమ్మాలి. తప్పుచేస్తే దిద్దుకోవడానికీ ఉండదు. గుడ్డ చిరిగితే రఫూ చేయొచ్చు. రెగ్జిన్‌కు రఫూ లేదు. సూది ఒకసారి దిగితే రంధ్రం ఉండిపోతుంది.

సీటు లోపలికి ఫోమ్ పెట్టమన్నారు కొందరు. చాచా వద్దన్నాడు. ఇది టాపు తీసి తిరిగే బండి, ఒక్క వాన తగిలితే ఫోమ్ నీళ్లు తాగి తొందరగా వదలదు. కొబ్బరి పీచులో గాలి ఆడుతుంది. పీచు అంబాజీపేట వైపు నుంచి ఆసామే తెచ్చాడు. గేరు గుబ్బను ఏటికొప్పాకలో అంకుడు కర్రతో తిప్పించారు. దాని మీద లక్క వద్దన్నాడు చాచా, ఎండలో నిలిపితే మెత్తబడి చేతికి అంటుతుందని. టాపు మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండలోనే బిగించాడు. వేడికి రెగ్జిన్ చెప్పినట్టు వింటుంది, చల్లారాక బిగుసుకుంటుంది.

ఈ పని చూడ్డానికి వెళ్లినప్పుడే గోడకు మేకుకు వేలాడే అట్టల కట్ట నా కంటపడింది. పాత ఫర్మాలు. జీపువి, అంబాసిడర్‌వి, ఫియట్‌వి. కొన్ని చాచా ఉస్తాద్ తీసినవి. వాటి మీద పెన్సిలుతో ఉర్దూ రాత. దాయాఁ. బాయాఁ. యహాఁ దో సూత్ కమ్. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఏ బండి సీటు ఎక్కడ ఎంత సాగుతుందో ఒక మనిషి జిందగీ అంతా పెట్టి తెలుసుకున్నది ఆ చిన్న మాటల్లో ఉంది.

చాచా కొడుకు కువైట్‌లో ఉన్నాడు, తిరిగొచ్చి సూది పట్టడు. షాపులో ఉన్న షాగిర్ద్ ఒక్కడే, ధవళేశ్వరం కుర్రాడు. చెయ్యి మంచిది. మన సాయిబుల పిల్లాడే, ఇంట్లో మాట్లాడేది ఉర్దూయే. చదివింది మాత్రం తెలుగు మీడియం. ఉర్దూ అక్షరం ముక్క రాదు. రేపు చాచా లేకపోతే ఆ అట్టలు వాడికి ఉత్త అట్టలే.

అందుకని రెండు జుమాలు, నమాజ్ అయ్యాక వెళ్లి కూర్చున్నాను. చాచా చదివించుకుంటుంటే ప్రతి మాట పక్కన తెలుగులో రాశాను. "ఉర్దూ చెరపకు బేటా, పక్కన రాయి" అన్నాడు. కొత్త హెరాల్డు ఫర్మాలకు ఆయన ఉర్దూలో పేర్లు పెట్టాడు, నేను తెలుగులో పెట్టాను. పక్క సీటు, వీపు ముక్క, ఎడమ. ఇక్కడ మూడు సూత్‌లు తక్కువ.

ఒక్కచోట ఆగిపోయాను. ఝోల్ నా ఆయే, అని ఉంది. తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని. వదులు అనుకున్నాను, ముడత అనుకున్నాను, జారు అనుకున్నాను. ఏదీ ఆ రెగ్జిన్ మీద కుదరలేదు. కుర్రాడు మిషను ఆపి నా వైపు చూశాడు.

"ఝోల్ అనే రాయండన్నా. మేమంతా అదే అంటాం."

తెలుగు అక్షరాల్లో అదే రాశాను.