గాజుతొట్టిలో సముద్రము

సముద్రమునకు రహదారిమీద నాలుగువందల కిలోమీటరులకు పైబడిన దూరమున నున్న కామారెడ్డిలో సముద్రపుచేపలను పెంచుట యేమని మమ్మడుగని చుట్టము లేదు. మా ముందరిగదిలోని గాజుతొట్టి నూరు లీటరులది. అందు రెండు క్లౌన్ చేపలు, నాలుగు నత్తలు, గుప్పెడు నాచు, రంధ్రములుగల పింగాణిరాళ్లు కొన్ని యున్నవి. పగడపుదిబ్బలలో బ్రతుకు చేపలకు తగిన నీరిది. ఈ విద్య కొంత తెలిసినవారు, ప్రోటీన్ స్కిమ్మరు ఎక్కడ నున్నదని వెదకుదురు. అది మా యింట లేదు. అది లేకుండ నడపుటలో హెచ్చుభాగము వంటయింటి నేర్పే గనుక సోదరీమణులకు చెప్ప నుద్యమించితిమి.

కామారెడ్డి బెల్లమునకు పేరుపడిన యూరు. చెరకురసము కాగునప్పుడు పైకి తేలు తెట్టెను ఎప్పటికప్పుడు తీసివేయుదురుగదా; స్కిమ్మరు చేయుపనియు నట్టిదే. ఉప్పునీటిలోనికి సన్నని గాలిబుడగలను విడిచినచో, చేపల మలమునుండియు, తినక వదలిన మేతనుండియు వచ్చు పదార్థము ఆ బుడగల నంటుకొని నురుగై పైకి వచ్చును. ఆ నురుగును గిన్నెలోనికి పట్టి పారబోయుదురు. యంత్రము చెడ్డదని మేమనము. అది లేనిచోట కుళ్లు పుట్టకుండ జూచు భారము ఇల్లాలి చేతిమీద పడును, అంతే.

కుళ్లినదానినుండి మొదట పుట్టునది అమోనియా. అది చేపకు విషము. రాళ్ల రంధ్రములలో కాపురముండు సూక్ష్మజీవులు కొన్ని దానిని నైట్రైటుగను, మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగను మార్చును. ఈ జీవులు తగినంత పెరుగుటకు నాలుగునుండి ఆరువారములు పట్టును. పెరుగు తోడుకొనకమునుపే కవ్వము వేయువారుండరు. చేపలవిషయమున మాత్రము అందరికిని తొందరయే. మేము ఆరువారములు చేపలేని తొట్టిని పెట్టుకొని కూర్చుంటిమి. ఇరుగుపొరుగువారు నవ్విరి.

కడపట మిగులు నైట్రేటును కొంత నాచు తినును. మిగిలినదానికి మా పుట్టినింటి ఉపాయమే గతి. ఎల్లారెడ్డిలో మా పెద్దలు, చెరువు మత్తడి దూకినయేడు నీరు తేటపడుననియు, దూకనియేడు పచ్చబడి వాసన గొట్టుననియు అనెడివారు. మా తొట్టికి వారమున కొక మత్తడి: పది లీటరుల పాతనీరు తీసి పది లీటరుల క్రొత్తనీరు పోయుట. బోరునీటిలోని లవణములు దీనికి సరిపడవు గనుక శుద్ధియంత్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల చొప్పున సముద్రపుతొట్టికని అమ్ము ఉప్పును కలుపుదుము. వంటయుప్పు పనికిరాదు, సముద్రమున మెగ్నీషియము, కాల్షియము మొదలగునవియు నున్నవి.

ఇవి యన్నియు సులువే. కష్టమైనది మేత. చేప మనిషినీడ చూచినంతనే పైకి వచ్చి నోరు తెరచును. "నోరు తెరుస్తున్నయి బిడ్డా, పెట్టకుంటె పాపం గాదా?" అని మా అత్తగారు బాధపడిరి. చీమలకు నూకలు చల్లు చేయి ఆమెది. కాదనుట మాకును కష్టముగనే యుండెను. రోజుకొకసారి, రెండు నిమిషములలో తినివేయునంత మేత మాత్రము కొలిచి ఆ పని ఆమెకే యప్పగించితిమి. ఇప్పుడు వచ్చిన చుట్టములు పిడికెడు మరమరాలతో తొట్టిని సమీపించినచో అడ్డుపడునది ఆమెయే.

ఇది క్రొత్తవిద్య యనుకొనవలదు. 1846లో అన్నా థిన్ అను ఆంగ్లవనిత టార్కీ తీరమునుండి సజీవమైన పగడపుజీవులను లండనులోని తన యింటికి తెచ్చికొనెను. అప్పటికి యంత్రములు లేవు. ఆమె పనిపిల్ల తెరచిన కిటికీయొద్ద నిలిచి ఆ యుప్పునీటిని ఒక పాత్రనుండి మరియొకదానిలోనికి ముప్పావుగంటవరకును ఒలకబోయుచు గాలి తగిలించెడిది. 1847లో ఆ తల్లి నాచును గూడ చేర్చెను. పేరు యజమానురాలికి వచ్చినది. చేతులు నొచ్చినది పనిపిల్లకు. విద్యుత్తు పోయి మోటారు నిలిచిన రాత్రులలో మేమును చెంబుతో నీరు ముంచి యెత్తి పోయుచుందుము.

ఈ కథ విని మా అమ్మాయి మనమును పగడములను పెంచుదమని పట్టుపట్టినది. మన దేశమున అది కూడదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలున దిబ్బలు కట్టు పగడములను 2001లో చేర్చిరి. దిబ్బనుండి విరిచి తెచ్చిన రాతికిని మా యింట చోటు లేదు, అందుకే పింగాణిరాళ్లు. అమ్మాయి రెండుదినములు మాటాడలేదు. దిబ్బ సముద్రమున నుండవలసినదే యని మా యభిప్రాయము. క్లౌన్ చేపలను మన దేశపు పరిశోధనాలయములలోనే గుడ్లనుండి పెంచు విధానము కనుగొనిరి గనుక, అట్లు పెరిగినవానినే యడిగి తెచ్చుకొంటిమి.

వేసవిలో మా ప్రాంతపు ఎండ 40 డిగ్రీలు దాటును. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగ నిలుచును. నీటిపై విసరు చిన్నపంకా కొంత చల్లార్చును గాని చాలదు. మే నెలలో గదిలో ఏసీ నడుపక తప్పదు. స్కిమ్మరు కొనక మిగిల్చినది అక్కడ పోవును! ఆవిరియగునది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే నిలుచును. కావున తరిగినంత మంచినీరే పోయవలెను గాని యుప్పునీరు పోయరాదు.

వారమువారము తీసిన యుప్పునీటిని కరివేపచెట్టు మొదట పోయకుడు, చచ్చును. నాచు తునకలతో దానిని చెరువులోనికిని విడువరాదు. మేము వడగట్టి మురుగుకాలువలో పోయుచున్నాము.