దర్శనమా, చిత్రమా?

కర్నూలులో ఉద్యోగం, సెలవుదినాలలో మిత్రులతో ఛాయాచిత్రయాత్రలు. గత వేసవిలో సంగమేశ్వరం వెళ్ళాము. శ్రీశైల జలాశయంలో మునిగి ఉండే ఆ ఆలయం, నీరు తగ్గిన కొద్ది నెలలే దర్శనమిస్తుంది. గర్భాలయంలో వేపదారు శివలింగం. మిత్రులు అంజలి ఘటించారు. నేను మండపంలో నిలిచి కెమెరాలో వెలుగు సరిచూసుకుంటున్నాను. హారతి నా ముందునుండే వెళ్ళిపోయింది.

ఇంట అమ్మ అడిగింది: "స్వామిని చూసినావా నాయనా?" చిత్రాలు చూపగలిగాను, చూశానని చెప్పలేకపోయాను.

దృశ్యాన్ని బంధించే ఆరాటంలో ద్రష్టను విస్మరించాను. ఆలయం మళ్ళీ జలగర్భంలో చేరింది. కనబడకున్నా అక్కడే ఉన్నది. విషయప్రవాహం క్రింద సాక్షిచైతన్యం ఉన్నట్లే. నీరు తగ్గేవరకు వేచి ఉండవలసినది ఆలయానికే. సాక్షి వైపు తిరగడానికి ఏ వేసవీ రానక్కరలేదు.