నెవతిమ్‌లో కొబ్బరిపాల చాక్లెట్

ఇజ్రాయెల్‌లో బెయిర్‌షెబా దాటాక రోడ్డుకు రెండు పక్కలా నెగెవ్ ఎడారే. కాసేపటికి చెట్ల గుబురు కనిపించింది. అదే నెవతిమ్. 1946లో వెలిసిన ఈ ఊళ్లో 1950ల్లో కొచ్చి యూదులు వచ్చి స్థిరపడ్డారు. వాళ్ల ప్రార్థనా మందిరమైన సినగాగ్, వాళ్ల చరిత్ర చెప్పే మ్యూజియం చూడాలని బయలుదేరాను. పెసాహ్ పండుగ నడుమ రోజులవి. తెలిసినవాళ్ల ద్వారా ఒక ఇంటికి కబురు పెడితే, ముందు వంటింట్లోకి రమ్మన్నారు.

ఇంటి పెద్దావిడ ఎర్నాకులంలో పుట్టి, ఏడేళ్లప్పుడు అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చారట. నన్ను చూడగానే "మోళే" అన్నారు. అమ్మాయీ అని పిలవడానికి మలయాళంలో వాడే మాట. మిగతాది మనవరాలు ఇంగ్లీషులో చెప్పింది.

యూదుల పూర్వీకులు ఈజిప్టు బానిసత్వం నుంచి బయటపడిన నాటి జ్ఞాపకమే పెసాహ్. పిండి పులిసేదాకా ఆగే వ్యవధి లేక పులియని రొట్టెతోనే కదిలిపోయారు. అందుకే ఇజ్రాయెల్‌లో ఏడు రోజుల పాటు ఇంట్లో పులిసిన పిండివంట ఉండకూడదు. తినే రొట్టె మట్సా. పిండిలో నీళ్లు పడిన 18 నిమిషాల లోపే అది పొయ్యిలోకి చేరాలి. ఈ ఇంట్లో గిన్నెలు, గరిటెలు కూడా పండుగకని విడిగా దాచుకున్నవే. కొచ్చి యూదులు పెసాహ్‌లో అన్నం తింటారు. "మా అమ్మ పండుగ బియ్యం గింజ గింజా ఏరేది" అన్నారావిడ. మడి బట్టతో పొయ్యి దగ్గర నిలబడే మా నాయనమ్మ కళ్లముందు కదిలింది.

ఆ రోజు పని పండుగ ఏడో రోజు భోజనానికి తీపి చేయడం. ఆ భోజనంలో మాంసం ఉంటుంది. మాంసంతో పాలు కలపకూడదన్నది యూదుల ఆహార నియమం. కాబట్టి తీపిలో వెన్న, మీగడ పడవు. మాంసమూ పాలూ లేని పదార్థాన్ని 'పర్వె' అంటారు. కొచ్చిలో ఈ చిక్కును కొబ్బరిచెట్టు ఎప్పుడో విప్పింది. కొబ్బరిపాలు చెట్టు ఇచ్చినవి కదా, మాంసం కూరలో పోసినా తప్పు లేదు. పెసాహ్ తీపి వంటలు చాలావరకు గుడ్ల మీదే నిలబడతాయి. ఈ తీపిలో అవీ లేవు. మనవరాలు వీగన్. "దీనికోసం ఇంకో గిన్నె పెట్టే పనే లేదు" అన్నారావిడ.

ముందు ఎండుద్రాక్షలను నీళ్లలో ఉడికించి, చల్లారాక చేత్తో పిసికి రసం వడకట్టారు. కేరళలో ఉన్నప్పుడు పండుగ ద్రాక్షరసం ఇలాగే ఇంట్లో తీసేవాళ్లట. పెసాహ్‌కు పనికొస్తుందన్న ముద్ర ఉన్న డార్క్ చాక్లెట్ 300 గ్రాములు సన్నగా తరిగారు. 400 మిల్లీలీటర్ల చిక్కటి కొబ్బరిపాలను అంచుల్లో బుడగలు లేచేదాకా వేడి చేసి, మరగకముందే దించి చాక్లెట్ మీద పోశారు. నేను గరిటె అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. మూడు నిమిషాలు కదపకూడదు. ఆ తర్వాత నడిమధ్య నుంచి చిన్న చిన్న సుడులుగా తిప్పారు. మొదట విరిగినట్టు కనిపించింది, చూస్తుండగానే నల్లగా మెరిసే ముద్దయింది. చిటికెడు ఉప్పు వేసి చల్లారబెట్టారు.

మట్సాలు ఆరు. ఒక్కొక్కటీ ద్రాక్షరసంలో ముంచి వెంటనే తీయాలి. నాది ఇంకో రెండు క్షణాలు ఉండిపోయి మధ్యకి విరిగింది. ఆవిడ ఆ ముక్కలను పక్కపక్కన పేర్చి పైన చాక్లెట్ పులిమేశారు. అతుకు కనపడలేదు. ఒక పొర మట్సా, ఒక పొర చాక్లెట్. ఆఖరున పైనా, పక్కలకూ చాక్లెట్ పట్టించి, వేయించిన కొబ్బరి కోరు చల్లి ఫ్రిజ్‌లో పెట్టారు.

అది గట్టిపడే లోపు సినగాగ్‌కు, మ్యూజియానికి వెళ్లొచ్చాను. వెనక్కి వచ్చేసరికి సాయంత్రం. కత్తి దిగితే పొరలన్నీ గీతల్లా కనిపించాయి. మట్సా మెత్తబడి కేకులా ఉంది. చాక్లెట్ చేదు, ద్రాక్ష తీపి, వాటి వెనక నుంచి కొబ్బరి వాసన. పాలు లేవన్న తలపే రాలేదు. ఎడారి ఊళ్లో కూర్చుని కేరళ పెరటిని తింటున్నట్టు ఉంది.

బయలుదేరుతుంటే ఆవిడ నా చేతిలో మట్సా ముక్క ఒకటి పెట్టారు. ఉప్పు లేదు, నూనె లేదు, అటుకులా పెళుసు. పండుగ మొదటి రాత్రి ఎన్ని తీపులు తిన్నా చివరగా ఈ ముక్క నోట్లో వేసుకోవాలట. ఆ తర్వాత ఇంకేమీ తినరు. "తీపి మాకిష్టం. కానీ ఆ రాత్రి ఈ రుచితోనే పడుకోవాలి" అన్నారు. బస్సు ఎక్కాక ఆ ముక్క కొరికాను. బెయిర్‌షెబా వచ్చేదాకా నోట్లో ఆ చప్పటి గోధుమ రుచే ఉంది.