నీళ్లు పోయలేని చోట మాస్కు

నంద్యాల నుంచి కడప వైపు వెళ్తుంటే ఆళ్లగడ్డ దగ్గర రోడ్డు పక్కన దేవుళ్లు కనిపిస్తారు. సగం చెక్కిన నంది, చేతులు ఇంకా రాయిలోనే ఉన్న హనుమంతుడు, తల మాత్రమే తేలిన వినాయకుడు రేకుల షెడ్ల ముందు వరసగా ఉంటారు. అహోబిలం వెళ్లే యాత్రికులు ఆగి చూసి, ధర అడిగి, దణ్ణం పెట్టి వెళ్తుంటారు. ఈ ఊరి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. తెలుగునాట గుళ్లకే కాక, విదేశాల్లో మనవాళ్లు కట్టుకున్న గుళ్లకూ విగ్రహాలు ఇక్కడి నుంచి వెళ్తాయి. ఆ విగ్రహాల అందం గురించి చాలామంది రాశారు. వాటిని చెక్కేవాళ్లు ఏ గాలి పీలుస్తున్నారో చూద్దామని నేను వెళ్లాను.

నేను వెళ్లిన శిల్పశాల పెద్దది కాదు. వెనక రాళ్ల కుప్ప, మధ్యలో కోత మిషను, ముందు చెక్కుడు పని. స్థపతి గారికి యాభై దాటి ఉంటాయి. పన్నెండేళ్లప్పుడు తండ్రి దగ్గర ఉలి పట్టారు. నేను వచ్చిన పని చెప్పగానే ఆయన అన్న మొదటి మాటలోనే విషయమంతా ఉంది.

"మా నాయన కాలంలో ఉలి, సుత్తే సార్. రాయి పెచ్చులుగా ఊడి కింద పడేది. ఇప్పుడు మిషను రాయిని పిండి చేస్తాది. పిండి కింద పడదు, గాల్లోనే ఉంటాది."

ఆ మాట అక్షరాలా నిజం. ఉలి దెబ్బకు రాయి పగులుతుంది, గ్రైండర్ బ్లేడుకు అరుగుతుంది. అరిగినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనిపించేది చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. తుమ్ము, దగ్గు, కఫం దాన్ని బయటికి పంపేస్తాయి. పది మైక్రాన్ల కన్నా చిన్న రేణువులతోనే చిక్కు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అందులో పదో వంతు కూడా లేని రేణువు కంటికి ఆనదు, గొంతులో గరగర అనిపించదు, సూటిగా ఊపిరితిత్తుల అడుగున ఉన్న గాలిగదుల్లోకి దిగుతుంది.

అందులో స్ఫటిక రూపంలోని సిలికా, అంటే క్వార్ట్జ్, ఉంటే సిలికోసిస్ మొదలవుతుంది. ఒంట్లోని రక్షక కణాలు ఆ రేణువును మింగుతాయి గాని అరిగించుకోలేవు. అవే చచ్చిపోయి రేణువును మళ్లీ వదులుతాయి. ఇంకో కణం మింగుతుంది, అదీ పోతుంది. ఈ పోరు జరిగిన ప్రతిచోటా ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడుతుంది. మామూలుగా పదేళ్లు, అంతకు మించి దుమ్ములో పనిచేశాక జబ్బు బయటపడుతుంది. దుమ్ము మరీ ఎక్కువైతే అంతకన్నా చాలా ముందే బయటపడుతుంది. గట్టిపడిన భాగాన్ని మళ్లీ మెత్తబరిచే మందు లేదు. పని మానేసినా జబ్బు ముదురుతూ పోవచ్చు. క్షయ సోకే అవకాశమూ పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1997లోనే ఈ దుమ్మును క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది.

అన్ని రాళ్లూ ఒకటి కావు. ఇసుకరాయి దాదాపు అంతా సిలికాయే. గ్రానైట్‌లో క్వార్ట్జ్ గణనీయంగా ఉంటుంది, కొన్ని రకాల నల్లరాళ్లలో బాగా తక్కువ. అయితే శిల్పి చేతికి ఈ నెల ఒక రాయి, వచ్చే నెల ఇంకో రాయి వస్తుంది. రాయిని బట్టి జాగ్రత్తను మార్చుకోవడం కుదిరే పని కాదు.

షెడ్డు వెనక పెద్ద బ్లేడుతో దిమ్మెను కోస్తున్నారు. బ్లేడు మీద నీళ్లు ధారగా పడుతున్నాయి, బూడిద రంగు బురద కాలువ కట్టి పోతోంది. అక్కడ గాలి తేటగా ఉంది. దుమ్మును పుట్టిన చోటే తడిపేయడం కన్నా మంచి ఉపాయం ఇంకొకటి లేదు. ముందు వైపు వచ్చేసరికి ఒక యువకుడు చిన్న గ్రైండర్‌తో అమ్మవారి ముఖం తీస్తున్నాడు. అక్కడ నీళ్లు లేవు. ఎందుకని అడిగాను.

"నీళ్లు పడితే బురద కడ్తాది సార్, గీసిన గీత కనపడదు. ముక్కు, పెదవి, కనురెప్ప ఇవన్నీ గీతను బట్టి పోవాల. ఒక్క నూలు పక్కకు పోయిందంటే ముఖమే మారిపోతాది."

రాయికీ అతని ముఖానికీ జానెడు దూరం. సన్నని గీతలు చూడాలంటే అంత దగ్గరగా వంగక తప్పదు. పనిలో నైపుణ్యమంతా అవసరమయ్యే ఘట్టంలోనే నీళ్లు పోయడం కుదరదు, ముక్కు దుమ్ముకు అతి దగ్గరగా ఉంటుంది. ఇక అతన్ని కాపాడాల్సింది మాస్కే.

పక్క షెడ్డులో ఇద్దరు ముక్కుకు తువాలు చుట్టుకుని పనిచేస్తున్నారు. తువాలు నేత సందుల్లోంచి సన్నదుమ్ము సులువుగా దూరిపోతుంది, చెంపల పక్కనుంచి గాలి ఇంకా సులువుగా వస్తుంది. పెద్ద దుమ్మును ఆపుతుంది కాబట్టి ముక్కుకు హాయిగా ఉంటుంది. ఆ హాయిని రక్షణ అనుకుంటే ప్రమాదం. ఆసుపత్రుల్లో కట్టుకునే పలచని నీలం మాస్కుదీ ఇదే కథ. అది ఎదుటివారి మీద తుంపరలు పడకుండా చూడటానికి తయారైంది, ముఖానికి బిగువుగా అతుక్కోదు.

మా స్థపతి గారి షెడ్డులో గిన్నె ఆకారపు మాస్కులు ఉన్నాయి. ఒకటి తీసి చూపించారు. దాని మీద ఐఎస్ 9473 అని ముద్ర ఉంది. రేణువులను వడగట్టే మాస్కులకు మన దేశ ప్రమాణం అది. అందులో ఎఫ్ఎఫ్‌పీ1 రకం పరీక్షలో కనీసం 80 శాతం, ఎఫ్ఎఫ్‌పీ2 రకం 94 శాతం రేణువులను ఆపాలి. కరోనా రోజుల్లో అందరి నోటా నలిగిన ఎన్95 అమెరికా ప్రమాణం, దానికి 95 శాతం.

ఇలాంటి మాస్కు రేణువుల కన్నా చిన్న రంధ్రాలతో ఆపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి లోపల పాలీప్రొపిలీన్ సన్నపోగులు గజిబిజిగా పరచి ఉంటాయి, మధ్యలో ఖాళీలు బాగానే ఉంటాయి. గాలి ఆ పోగుల చుట్టూ వంకర్లు తిరుగుతూ వెళ్తుంది. బరువైన రేణువు మలుపు తిరగలేక పోగుకు గుద్దుకుని అంటుకుంటుంది. మరీ చిన్నది గాలి అణువుల తాకిడికి అటూఇటూ తూలి పోగుకు తగులుతుంది. ఈ రెండింటికీ మధ్య, 0.3 మైక్రాన్ల దరిదాపుల్లో ఉన్నది తప్పించుకోవడంలో గట్టిది. అందుకే పరీక్షలకు ఆ పరిమాణాన్ని ఎంచుకున్నారు. దాన్ని కూడా లాగి పట్టుకోవడానికి పోగుల్లో విద్యుదావేశం నింపుతారు. మాస్కును సబ్బుతో ఉతికినా, స్పిరిట్‌తో తుడిచినా ఆ ఆవేశం పోతుంది. చూడ్డానికి మాస్కు శుభ్రంగా ఉంటుంది, పనితనం ఉండదు. దాన్ని ఉతకకూడదు. నలిగినా, ఊపిరి తీయడం బరువైనా మార్చేయాలి.

ఎంత మంచి వడపోత అయినా ముఖానికి అతకకపోతే వ్యర్థం, ఎందుకంటే గాలి సందు ఉన్న చోటి నుంచే వస్తుంది. చెవులకు తగిలించే దారాల కన్నా తల వెనక వేసుకునే రెండు పట్టీలు బాగా బిగుస్తాయి. పై పట్టీ నడినెత్తి వెనక, కింది పట్టీ మెడ మీద ఉండాలి. ముక్కు మీది రేకును రెండు చేతుల వేళ్లతో వంచి నొక్కాలి. తర్వాత రెండు చేతులూ మాస్కు మీద కప్పి గట్టిగా ఊదితే అంచుల నుంచి గాలి తగలకూడదు. గడ్డం ఉంటే అంచు అతకదు. యువకుడికి చిన్న గడ్డం ఉంది. ఊది చూపించమంటే చెంప దగ్గర గాలి బయటికొచ్చింది, అతనే వేలు పెట్టి చూసుకున్నాడు. స్థపతి గారు ఏమీ అనలేదు. ఆ యువకుడే, "రేపు తీసేస్తా స్వామీ" అన్నాడు.

ఎండాకాలం ఇది పెట్టుకుని రేకుల కింద పనిచేయడం తేలిక కాదు. చెమట కారుతుంది, కళ్లద్దాలు మసకేస్తాయి. ఊపిరి వదిలే కవాటం ఉన్న మాస్కు దుమ్ముపనికి మేలు. వేడి బయటికి పోతుంది, లోపలికి వచ్చే గాలి వడపోతలో తేడా రాదు. మిషను ఆపగానే అందరూ మాస్కు కిందికి లాగేస్తున్నారు. అది మానాల్సిన అలవాటు. గాలి కదలని చోట రెండు మైక్రాన్ల రాతి రేణువు మనిషి ముక్కు ఎత్తు నుంచి నేలకు దిగడానికి గంటకు పైనే పడుతుంది. చప్పుడు ఆగినా దుమ్ము ఆగదు. సాయంత్రం పొడి చీపురుతో ఊడ్చినా, కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకున్నా కిందికి దిగినదంతా మళ్లీ లేస్తుంది. ఈ షెడ్డులో నీళ్లు చల్లి ఊడుస్తున్నారు. ఆ ఒక్క అలవాటుకు నేను స్థపతి గారికి దణ్ణం పెట్టాను.

ఎంత దుమ్ము ఎక్కువ అనే ప్రశ్నకు అమెరికా 2016లో తెచ్చిన నిబంధన ఒక కొలత ఇస్తుంది. ఎనిమిది గంటల పనిలో ఘనపు మీటరు గాలికి సగటున 50 మైక్రోగ్రాముల సిలికా మించకూడదు. పనిచేసే మనిషి ఆ ఎనిమిది గంటల్లో సుమారు పది ఘనపు మీటర్ల గాలి పీలుస్తాడు. అంటే రోజు మొత్తానికి అర మిల్లీగ్రాము, ఒక చక్కెర పలుకంత. గ్రైండర్ ముందు కనిపించే తెల్లటి మేఘాన్ని చూసిన వాళ్లకు ఆ హద్దు ఎంత చిన్నదో అర్థమవుతుంది. సరిగ్గా అతికిన ఇలాంటి మాస్కు పీల్చే దుమ్మును పదో వంతుకు తగ్గిస్తుందని అదే దేశపు లెక్క. మేఘం దట్టంగా ఉంటే పదో వంతు కూడా ఎక్కువే. అందుకే నీళ్లు, దుమ్మును లాగేసే గొట్టం, గాలి ఆడే షెడ్డు ముందు రావాలి. మాస్కు వాటికి తోడుగా ఉండాలి.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. జర్మన్ గనుల పండితుడు అగ్రికోలా గ్రంథం 1556లో అచ్చయింది. దుమ్ము పీల్చి గని కార్మికులు చనిపోతుంటే కార్పాతియన్ కొండల్లో ఏడుగురు భర్తలను పోగొట్టుకున్న స్త్రీలున్నారని అందులో రాశాడు. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తప్పక తెలపాల్సిన జబ్బుల్లో చేర్చింది. కానీ ఆ చట్టం రాసిన లెక్కన, కరెంటు యంత్రాలున్న చోట పదిమంది ఉంటేనే ఫ్యాక్టరీ. నలుగురైదుగురు పనిచేసే శిల్పశాల దాని చూపుకు ఆనలేదు.

షెడ్డు పక్క అరుగు మీద పని మానేసిన పెద్దాయన ఒకరు కూర్చున్నారు. అంగడి దాకా నడిస్తే మధ్యలో ఆగాల్సి వస్తోందని చెప్పారు. "డాక్టరు దగ్గరికి పోతే ఏం పని చేస్తావని అడిగినారా తాతా?" అని అడిగాను. గుర్తు లేదన్నారు. దగ్గుతో వెళ్లే ప్రతి రాతిపనివాడూ ఎన్నేళ్లు రాయి చెక్కాడో డాక్టరుకు తానే చెప్పాలి. ఎక్స్‌రేలో కనిపించేది క్షయా, రాతిదుమ్మా, రెండూనా అని తేల్చడానికి ఆ ఒక్క వివరం ఎంతో పనికొస్తుంది.

బయల్దేరే ముందు, మాస్కుల ఖర్చు ఎవరిదని స్థపతి గారిని అడిగాను. తనదేనన్నారు. విగ్రహం ధరలో దాన్ని కలుపుతారా అంటే, "పక్క షెడ్డువాళ్లు కలపనప్పుడు నేను కలిపితే బేరం పోతాది సార్" అన్నారు. దీన్ని మార్చగలిగింది విగ్రహం చేయించుకునే మనమే. గుడి కమిటీ రాయికి, చెక్కుడుకి, లారీకి, ప్రతిష్ఠకు లెక్క వేస్తుంది. మాస్కులు, నీళ్ల ఏర్పాటు, ఏడాదికోసారి శిల్పులకు ఊపిరితిత్తుల పరీక్ష అని ఇంకో పద్దు రాసుకోవాలి. బేరం ఆడేటప్పుడు ఆ పద్దు జోలికి పోకూడదు. పూజకు మనం కోరే విగ్రహం శిల్పి ఊపిరి ఖర్చుతో రాకూడదు.